పిల్లల కాక్లియర్ ఇంప్లాంట్, సౌండ్ ప్రాసెసర్ ఎంపిక: నెల్లూరు, ప్రకాశం జిల్లాల తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంప్లాంట్ వేయించిన తల్లిదండ్రులు, వేయించాలా వద్దా అని ఆలోచిస్తున్న తల్లిదండ్రులు ఆసుపత్రి వరండాల్లోనూ స్పీచ్ థెరపీ గది బయటా చెన్నై రైల్లోనూ ఒకరినొకరు అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. ఇంప్లాంట్ ఉన్న బిడ్డకు తల్లిగా రాస్తున్నాను తప్ప వైద్యురాలిగా కాదు. మీ బిడ్డకు సంబంధించిన ఏ నిర్ణయమైనా ఈఎన్‌టీ సర్జన్‌తోనూ వినికిడి నిపుణులైన ఆడియాలజిస్టుతోనూ మాట్లాడిన తరువాతే తీసుకోండి.

ప్రశ్న: కాక్లియర్ ఇంప్లాంట్‌కూ మామూలు వినికిడి యంత్రానికీ తేడా ఏమిటి?

వినికిడి యంత్రం శబ్దాన్ని పెద్దది చేసి మామూలు చెవి దారిలోనే లోపలికి పంపుతుంది. లోపలి చెవిలో కాక్లియా అనే నత్తగుల్ల ఆకారపు భాగం ఉంటుంది. అందులో శబ్దాన్ని నాడీ సంకేతంగా మార్చే సూక్ష్మమైన రోమకణాలు చాలావరకు దెబ్బతిన్నప్పుడు ఎంత పెద్ద శబ్దం పంపినా మాట స్పష్టంగా అందదు. ఇంప్లాంట్ ఆ కణాలతో పని లేకుండా శ్రవణ నాడినే విద్యుత్ సంకేతాలతో ప్రేరేపిస్తుంది.

ఇందులో రెండు భాగాలు ఉంటాయి. చెవి వెనక చర్మం కింద శస్త్రచికిత్స చేసి అమర్చే రిసీవరు, దాని నుంచి కాక్లియాలోకి వెళ్ళే సన్నని ఎలక్ట్రోడ్ల తీగ లోపలి భాగం. సౌండ్ ప్రాసెసర్, కేబుల్, అయస్కాంతంతో తలకు అంటుకునే కాయిల్ బయటి భాగం. ప్రాసెసర్ మైకులు శబ్దాన్ని పట్టుకుంటాయి, ప్రాసెసర్ దానిని విడదీసి సంకేతాలుగా మారుస్తుంది, కాయిల్ ఆ సంకేతాలను రేడియో తరంగాల రూపంలో చర్మం గుండా లోపలికి చేరవేస్తుంది. లోపలి భాగానికి సొంత బ్యాటరీ లేదు, దానికి కావలసిన శక్తి కూడా బయటి నుంచే వెళ్తుంది. కాబట్టి ప్రాసెసర్ తీసేసినా, బ్యాటరీ అయిపోయినా, కేబుల్ తెగినా ఆ క్షణం నుంచి బిడ్డకు వినిపించదు. ప్రాసెసర్ ఎంపిక గురించి ఈ పేజీలో చెప్పేదంతా ఈ సంగతి మీదే ఆధారపడి ఉంది.

ప్రశ్న: మా బిడ్డకు ఇంప్లాంట్ అవసరమో కాదో ఎలా తేలుతుంది?

పళ్ళెం మోగించి, తలుపు కొట్టి ఇంట్లో చేసుకునే పరీక్షలను నమ్మవద్దు. బిడ్డ గాలి కదలికకో నేల అదురుకో మన నీడకో తిరిగి చూసే అవకాశం ఉంది. పసిపిల్లలకు ముందుగా లోపలి చెవి స్పందనను చూసే ఓఏఈ అనే పరీక్ష, తరువాత శబ్దానికి శ్రవణ నాడి, మెదడు ఎలా స్పందిస్తున్నాయో నిద్రలో కొలిచే బెరా పరీక్ష చేస్తారు. తీవ్రమైన లోపం ఉందని తేలితే వినికిడి యంత్రాలు పెట్టి కొన్ని నెలలు ప్రయోజనం గమనిస్తారు. కాక్లియా ఆకారాన్ని సీటీ స్కాన్‌లోనూ శ్రవణ నాడి ఉన్నదీ లేనిదీ ఎమ్మారై స్కాన్‌లోనూ చూస్తారు. నాడి అసలు లేని అరుదైన సందర్భాలలో కాక్లియర్ ఇంప్లాంట్ పనిచేయదు.

మెదడు పొరలు వాచే మెనింజైటిస్ జబ్బు వల్ల వినికిడి పోయిన బిడ్డ విషయం మాత్రం వేరు. ఆ వ్యాధి తరువాత కాక్లియా లోపల ఎముక పెరిగి పూడుకుపోయే ప్రమాదం ఉంది. పూడిన తరువాత ఎలక్ట్రోడ్ తీగను లోపలికి పంపడం చాలా కష్టమవుతుంది. అటువంటి బిడ్డ విషయంలో వేచిచూడకుండా వెంటనే ఇంప్లాంట్ సర్జన్‌ను కలవాలి.

మన జిల్లాలలో మొదటి అడుగు వేయడానికి దారులు ఉన్నాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టుకతో వచ్చే చెవుడును గుర్తించి జిల్లా స్థాయి సత్వర చికిత్స కేంద్రానికి పంపుతారు. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల ఈఎన్‌టీ విభాగాలను అడగవచ్చు. దివ్యాంగుల కోసం కేంద్ర ప్రభుత్వం నెల్లూరులో నడుపుతున్న ప్రాంతీయ కేంద్రం సీఆర్‌సీని కూడా సంప్రదించవచ్చు. అంగన్‌వాడీ టీచరుకైనా ఆశా కార్యకర్తకైనా అనుమానం చెప్పి రాయించుకోవడం మంచిది.

ప్రశ్న: "వాళ్ళ నాన్నకూ నాలుగేళ్ళకే మాటలు వచ్చాయి, తొందరెందుకు" అని ఇంట్లో పెద్దలు అంటున్నారు. ఆగవచ్చా?

ఆగకూడదు. మాటలు ఆలస్యం కావడం వేరు, వినిపించకపోవడం వేరు. ఈ రెండింటినీ వేరు చేసేది బెరా పరీక్ష, జ్ఞాపకాలు కాదు. మెదడులో వినికిడికి కేటాయించిన భాగం మొదటి మూడేళ్ళలో అందే శబ్దాలతోనే రూపుదిద్దుకుంటుంది. ఆ కాలంలో ఏమీ అందకపోతే ఆ చోటును చూపు వంటి ఇతర ఇంద్రియాలు వాడుకోవడం మొదలుపెడతాయి. అందుకే పుట్టిన నెలలోపు వినికిడి పరీక్ష, మూడు నెలలకల్లా నిర్ధారణ, ఆరు నెలలకల్లా చికిత్స మొదలవాలని అంతర్జాతీయంగా చెబుతారు. కాక్లియా పుట్టేనాటికే పూర్తి పరిమాణంలో ఉంటుంది, కాబట్టి బిడ్డ పెరిగేకొద్దీ లోపలి భాగాన్ని మార్చవలసి వస్తుందన్న భయం అక్కరలేదు. ఏడాది వయసు దగ్గర శస్త్రచికిత్స చేయడం ఇప్పుడు మామూలు విషయం.

పెద్దలను నొప్పించకుండా ఒప్పించాలంటే నా అనుభవంలో వాదన కంటే మంచి పద్ధతి ఒకటే ఉంది. నాయనమ్మనో తాతనో పరీక్ష గదికి తీసుకుని వెళ్ళి, బెరా కాగితంలో ఏముందో ఆడియాలజిస్టు నోటితోనే చెప్పించండి.

మేనరికం వల్లే ఇలా జరిగిందా అని కూడా చాలామంది అడుగుతారు. దగ్గరి సంబంధాల పెళ్ళిళ్ళలో జన్యుపరమైన చెవుడు వచ్చే అవకాశం పెరుగుతుంది. కాని గర్భిణికి సోకిన రుబెల్లా, నెలలు నిండని కాన్పు, పుట్టగానే వచ్చిన తీవ్రమైన కామెర్లు వంటి కారణాలూ ఉన్నాయి. తల్లి వైపా తండ్రి వైపా అని తేల్చుకోవడం వల్ల బిడ్డకు ఒరిగేది ఏమీ లేదు. తరువాతి కాన్పు గురించి ఆలోచిస్తున్నవారికి మాత్రం జన్యు సలహా ఉపయోగపడుతుంది.

ప్రశ్న: ఖర్చు లక్షలలో ఉంటుందంటున్నారు. ప్రభుత్వ సహాయం అందుతుందా?

అందుతుంది. ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న రాష్ట్ర పథకంలో కాక్లియర్ ఇంప్లాంట్ చికిత్స ఉంది. దివ్యాంగులకు సహాయ పరికరాలు ఇచ్చే కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకంలో 2014 నుంచి పిల్లల ఇంప్లాంట్‌ను చేర్చారు, ముంబయిలోని అలీ యావర్ జంగ్ జాతీయ వాక్, శ్రవణ వైకల్య సంస్థ దానిని నిర్వహిస్తోంది. ఆ సంస్థ ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాదులో ఉంది. రెండు పథకాలలోనూ వయసు, ఆదాయ పరిమితులు ఉంటాయి, అవి మారుతూ ఉంటాయి కూడా. దరఖాస్తు చేసే రోజున అమలులో ఉన్న నిబంధన ఏమిటో నెట్‌వర్క్ ఆసుపత్రిలోని వైద్యమిత్రను అడిగి తెలుసుకోండి. బిడ్డ ఆధార్, రేషన్ కార్డు, ఆదాయ ధ్రువపత్రం, వైకల్య ధ్రువపత్రం ముందే సిద్ధం చేసుకోండి. వయసు పరిమితి దగ్గర పడుతున్న బిడ్డకు ఒక్క కాగితం కోసం పోయే నెల చాలా విలువైనది.

పథకం ఆపరేషన్‌కూ, ఇంప్లాంట్‌కూ, కొంతకాలం థెరపీకీ డబ్బు ఇస్తుంది. ఆ తరువాత ఏటా అయ్యే కేబుళ్ళు, బ్యాటరీలు, మరమ్మతుల ఖర్చు చివరికి కుటుంబం మీదే పడుతుంది. ఆ సంగతి ముందే తెలిసి ఉండాలి.

ప్రశ్న: ఏ కంపెనీది మంచిది?

అందరూ ముందుగా అడిగే ప్రశ్న ఇదే. దీనికి జవాబు చెప్పే ముందు ఒక సంగతి స్పష్టంగా తెలుసుకోవాలి. శస్త్రచికిత్సలో ఏ కంపెనీ ఇంప్లాంట్ లోపల పెట్టారో, ఆ చెవికి ఎప్పటికీ ఆ కంపెనీ ప్రాసెసర్ మాత్రమే పనిచేస్తుంది. ఒక కంపెనీ ప్రాసెసర్‌ను మరొక కంపెనీ ఇంప్లాంట్‌కు పెట్టలేము, కేబుల్ కూడా కలవదు, మ్యాపింగ్ (యంత్రాన్ని బిడ్డ వినికిడికి తగ్గట్టు సరిచేయడం) చేసే సాఫ్ట్‌వేరూ వేరే. మీరు ఇప్పుడు ఎంచుకుంటున్నది ఒక యంత్రాన్ని కాదు, మీ బిడ్డ పెద్దయి ఉద్యోగం చేసే వయసు దాకా మీకు సేవ అందించవలసిన సంస్థను.

మన దేశంలో ఎక్కువగా కనిపించేవి ఆస్ట్రేలియాకు చెందిన కాక్లియర్, ఆస్ట్రియాకు చెందిన మెడ్-ఎల్, అమెరికాలో మొదలై 2009లో స్విట్జర్లాండ్ సంస్థ సోనోవాలో భాగమైన అడ్వాన్స్‌డ్ బయోనిక్స్. కాక్లియర్ తీగలో 22 ఎలక్ట్రోడ్లు, అడ్వాన్స్‌డ్ బయోనిక్స్‌లో 16, మెడ్-ఎల్‌లో 12 చానళ్ళు (విడివిడిగా సంకేతం పంపే చోట్లు) ఉంటాయి. మెడ్-ఎల్ తీగలు కాక్లియాలో మరింత లోతుకు వెళ్ళేలా పొడవుగానూ దొరుకుతాయి. ఈ అంకెలు చూసి 22 అంటే 12 కంటే దాదాపు రెండింతలు బాగా వినిపిస్తుందని అనుకోవడం సరికాదు. మూడు కంపెనీల ఇంప్లాంట్లతోనూ చక్కగా మాట్లాడుతున్న పిల్లలు ఉన్నారు. బిడ్డ ఎంత బాగా వింటుందన్నది ఇంప్లాంట్ వేసిన వయసు, నాడి స్థితి, రోజూ పెట్టుకునే గంటలు, థెరపీ, ఇంట్లో మాట మీద ఎక్కువగా ఆధారపడుతుంది. కాక్లియా ఆకారంలో తేడా ఉన్న బిడ్డకు ఏ రకం తీగ సరిపోతుందన్నది సర్జన్ చెప్పాలి, అక్కడ ఆయన మాటే ప్రధానం.

మిగిలిన సందర్భాలలో నేను చూడమనేది సేవ ఎంత దగ్గరలో ఉందన్నదే. కనిగిరిలో ఉన్న కుటుంబానికి కేబుల్ తెగితే కొత్తది ఎన్ని రోజులలో వస్తుంది? ప్రాసెసర్ మరమ్మతుకు పంపినప్పుడు అది తిరిగి వచ్చేదాకా వాడుకోవడానికి మరొకటి ఇస్తారా? నెల్లూరులోగాని ఒంగోలులోగాని ఆ కంపెనీ మ్యాపింగ్ చేయగల ఆడియాలజిస్టు ఉన్నారా, లేక ప్రతిసారీ చెన్నై, విజయవాడ, హైదరాబాదు వెళ్ళవలసిందేనా? వారంటీ ఎన్నేళ్ళు, అందులో కాయిల్, కేబుల్ కలుస్తాయా, పోగొట్టుకుంటే ఏమిటి? పదిహేనేళ్ళ క్రితం ఆ కంపెనీ ఇంప్లాంట్ వేయించుకున్నవారికి ఈనాటి కొత్త ప్రాసెసర్ సరిపోతోందా? ఈ ప్రశ్నలకు జవాబులను కంపెనీ ప్రతినిధి దగ్గర కాగితం మీద రాయించుకోండి. తరువాత అదే కంపెనీ యంత్రం నాలుగైదేళ్ళుగా వాడుతున్న రెండు మూడు కుటుంబాలను అడిగి సరిచూసుకోండి. థెరపీ కేంద్రాలలో అటువంటివారు దొరుకుతారు, దాచుకోకుండా చెబుతారు.

ప్రభుత్వ పథకంలో చాలాసార్లు ఎంచుకునే వీలు ఉండదు, ఇచ్చిన మోడలే తీసుకోవాలి. అందుకు దిగులు పడి ఆపరేషన్ వాయిదా వేయవద్దు. మంచి మోడల్ కోసం రెండేళ్ళు ఆగిన బిడ్డ కంటే మామూలు మోడల్‌తో రెండేళ్ళు ముందుగా వినడం మొదలుపెట్టిన బిడ్డే ముందుంటుంది.

ప్రశ్న: చెవి వెనక పెట్టుకునే ప్రాసెసర్ తీసుకోవాలా, తలకు అంటుకునే గుండ్రని రకం తీసుకోవాలా?

గుండ్రని రకంలో కేబుల్ ఉండదు, చూడటానికి చిన్నది, కళ్ళజోడు పెట్టుకునేవారికి అడ్డం రాదు. అయితే దాని బరువంతా అయస్కాంతమే మోయాలి. మెడ ఇంకా నిలవని బిడ్డ, ఎక్కువసేపు పడుకుని ఉండే బిడ్డ, ఊయలలో తల తిప్పే బిడ్డ దానిని పదేపదే ఊడగొట్టుకుంటారు. ఊడినప్పుడు కింద పడి పోగొట్టుకునే ప్రమాదమూ ఎక్కువే. చెవి వెనక రకం బరువును చెవి మోస్తుంది, క్లిప్పుతో చొక్కాకు కట్టుకోవచ్చు, కేబుల్ పోతే కేబుల్ ఒక్కటే మార్చుకోవచ్చు. నాలుగైదేళ్ళలోపు పిల్లలకు చెవి వెనక రకమే మేలని నా అభిప్రాయం. పిల్లల కోసం కొన్ని మోడళ్ళలో బ్యాటరీ భాగాన్ని విడిగా చొక్కాకు తగిలించి చెవి మీద బరువు తగ్గించే ఏర్పాటు కూడా ఉంది, దాని గురించి తప్పక అడగండి.

రకం ఏదైనా అయస్కాంతం బలాన్ని పట్టించుకోండి. కాయిల్ ఊడిపోతోందని మరీ బలమైన అయస్కాంతం వేస్తే పసి చర్మం నలిగి ఎర్రబడి, చివరకు పుండు పడుతుంది. ప్రతి రాత్రి కాయిల్ తీసినప్పుడు కింద చర్మాన్ని వెలుతురులో చూడండి. ఎరుపు పొద్దున్నకు తగ్గకపోతే ఆడియాలజిస్టుకు చెప్పి తక్కువ బలం ఉన్నది మార్పించండి.

ప్రశ్న: ఫోనుకు కలిసే కొత్త మోడళ్ళకు ఎక్కువ డబ్బు పెట్టడం అవసరమా?

రెండేళ్ళ బిడ్డకు ఫోను పాటలు నేరుగా చెవిలోకి రావడం కంటే అమ్మ గొంతు గదిలో వినిపించడం ముఖ్యం. బిడ్డ ప్రాసెసర్‌లో నేను వెతికేవి వేరే ఉన్నాయి. పని చేస్తోందో లేదో పెద్దలకు కనిపించేలా లైటు ఉండాలి. బిడ్డ మీటలు నొక్కి మార్చకుండా తాళం వేసే వీలుండాలి. బ్యాటరీ మూత పిల్లల చేతికి తెరుచుకోకూడదు. రోజుకు ఎన్ని గంటలు పెట్టుకుందో లెక్క రాసుకోవాలి. తరగతి గదిలో వాడే వైర్‌లెస్ మైకు కలవాలి. చుట్టూ గోల ఉన్నప్పుడు ఎదుటివారి మాటను ముందుకు తెచ్చే మైకుల ఏర్పాటు కొత్త మోడళ్ళలో నిజంగానే మెరుగ్గా ఉంటుంది. తరగతి మైకుకూ ఈ మైకుల ఏర్పాటుకూ డబ్బు పెట్టగలిగితే వృథా కాదు.

ప్రశ్న: రీఛార్జి బ్యాటరీలా, వాడి పారేసే బ్యాటరీలా?

వీలైతే రెండూ ఉంచుకోండి. రోజువారీ వాడకానికి రీఛార్జి బ్యాటరీలు చవక. గాలివానకు పల్లెలో కరెంటు పోయిన రోజున, పెళ్ళికో తిరుమలకో ప్రయాణమైన రోజున జింక్-ఎయిర్ బ్యాటరీలు ఆదుకుంటాయి. ఇంప్లాంట్ల కోసమే తయారైన 675 రకం అడిగి కొనండి. మామూలు వినికిడి యంత్రం బ్యాటరీ అదే కొలతలో ఉన్నా కావలసినంత శక్తి ఇవ్వలేక ప్రాసెసర్ మధ్యలో ఆగిపోవచ్చు. ఇవి గాలి తగిలితేనే పనిచేస్తాయి కాబట్టి స్టిక్కర్ తీసి ఒకటి రెండు నిమిషాలు ఆగి పెట్టండి. ఒకసారి తీసిన స్టిక్కర్ తిరిగి అంటించినా ప్రయోజనం ఉండదు.

ఏ గుండీ బ్యాటరీనైనా బిడ్డ మింగినట్టు అనుమానం వస్తే అరటిపండు పెట్టి చూద్దాం, రేపు చూద్దాం అనుకోకుండా ఆ క్షణమే ఆసుపత్రికి తీసుకుని వెళ్ళండి.

ప్రశ్న: స్విచ్ ఆన్ రోజున బిడ్డ గట్టిగా ఏడ్చింది, మరొకరి బిడ్డ ఏమీ పట్టనట్టు ఉంది. ఏది మంచిది?

రెండూ మామూలే. ఆపరేషన్ అయిన రెండు నుంచి నాలుగు వారాలకు గాయం మానిన తరువాత ప్రాసెసర్‌ను మొదటిసారి ఆన్ చేస్తారు. అప్పటిదాకా నిశ్శబ్దంలో ఉన్న బిడ్డకు అది శబ్దమని కూడా తెలియదు. ఫోన్లలో తిరిగే వీడియోలలో బిడ్డ అమ్మ గొంతు విని నవ్వినట్టు మీ బిడ్డ నవ్వకపోతే ఇంప్లాంట్ పనిచేయలేదని కుంగిపోవద్దు. ఆ రోజు నుంచి బిడ్డకు వినికిడి వయసు మొదలవుతుంది. మూడేళ్ళ బిడ్డకు స్విచ్ ఆన్ అయి ఆరు నెలలైతే మాట విషయంలో ఆరు నెలల పసిబిడ్డతో పోల్చి చూడాలి, మూడేళ్ళ పక్కింటి బిడ్డతో కాదు.

ప్రశ్న: మ్యాపింగ్ అంటే ఏమిటి? ఎన్నిసార్లు వెళ్ళాలి?

ఒక్కొక్క ఎలక్ట్రోడ్‌కు ఎంత విద్యుత్ ఇస్తే వినిపించడం మొదలవుతుందో, ఎంత దాటితే ఇబ్బంది అవుతుందో బిడ్డకు తగ్గట్టు సరిచేయడమే మ్యాపింగ్. మొదటి నెలలలో వారాల తేడాతో, మొదటి ఏడాది తరువాత ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి చేయిస్తారు. ఒంగోలు, నెల్లూరు నుంచి చెన్నైకి పొద్దున పినాకిని రైల్లో వెళ్ళే కుటుంబాలకు నా సలహా ఒకటే. బిడ్డ నిద్రవేళ, ఆకలివేళ చూసుకుని అపాయింట్‌మెంట్ అడగండి. అలసి ఏడుస్తున్న బిడ్డ దగ్గర మంచి మ్యాప్ రాదు. కొన్ని కంపెనీలలో ఇంటర్నెట్ ద్వారా దూరం నుంచే సరిచూసే ఏర్పాటు ఉంది, అది మీ మోడల్‌కు వర్తిస్తుందేమో అడగండి.

మ్యాపింగ్‌కు వెళ్ళేటప్పుడు ఒక పుస్తకం వెంట తీసుకుని వెళ్ళండి. బిడ్డ ఏ శబ్దానికి తిరిగింది, దేనికి ఉలిక్కిపడి కళ్ళు మూసుకుంది, ఏ అక్షరం వినడం లేదు అని వారం వారం రాసిన నాలుగు మాటలు ఆడియాలజిస్టుకు చాలా ఉపయోగం. మునుపటి కంటే వినికిడి తగ్గినట్టు అనిపిస్తే తేదీ దాకా ఆగకుండా ముందే వెళ్ళండి.

ప్రశ్న: ప్రాసెసర్ సరిగా పనిచేస్తోందో లేదో ఇంట్లో ఎలా తెలుస్తుంది?

లింగ్ ఆరు శబ్దాల పరీక్షను ప్రతి ఉదయం చేయండి. ఆ, ఈ, ఊ, మ్, స్, ష్ అనే శబ్దాలలో మాటకు అవసరమైన మంద్ర స్థాయి నుంచి తార స్థాయి దాకా అన్నీ వస్తాయి. బిడ్డకు మీ నోరు కనిపించకుండా పక్కనో వెనకనో కూర్చుని మామూలు గొంతుతో ఒక్కొక్కటి పలకండి. పసిబిడ్డ తిరిగి చూస్తుంది, కాస్త పెద్ద బిడ్డ విన్నప్పుడల్లా డబ్బాలో ఒక గోళీ వేస్తుంది, ఇంకా పెద్దదైతే తిరిగి పలుకుతుంది. శబ్దాల మధ్య విరామాన్ని మారుస్తూ ఉండండి, లేకపోతే బిడ్డ వినకుండానే లయ పట్టి జవాబు చెబుతుంది. నిన్నటిదాకా స్, ష్ విన్న బిడ్డ ఇవాళ వినకపోతే ముందు బ్యాటరీ, తరువాత కేబుల్, తరువాత మైకు మూత మార్చి చూడండి. యంత్రం ఆగిపోయిందని చిన్న బిడ్డ చెప్పలేదు, అడ్డదిడ్డంగా వింటున్నానని అసలే చెప్పలేదు. రెండు నిమిషాల ఈ పని అందుకే రోజూ అవసరం.

ప్రశ్న: మా ప్రాంతపు ఎండకూ చెమటకూ యంత్రం పాడవుతుందా?

తేమ ప్రాసెసర్‌కు మొదటి శత్రువు. కోస్తా గాలిలో ఉప్పు తేమ, రోహిణి కార్తె ఎండలో చెమట కలిసి కేబుల్ కొనలకు, బ్యాటరీ కొనలకు తుప్పు పట్టిస్తాయి. ప్రతి రాత్రి బ్యాటరీ విప్పి, మెత్తని పొడి గుడ్డతో తుడిచి, యంత్రాన్ని తేమ పీల్చే సిలికా గుళికలున్న డ్రై బాక్సులో పెట్టండి. ఆ గుళికలు రంగు మారగానే మార్చండి. మధ్యాహ్నం ఎండలో నిలిపిన కారులోనో బండి డిక్కీలోనో ప్రాసెసర్‌ను వదిలేయకండి.

తలకు నూనె గురించి ఎవరూ ముందుగా చెప్పరు. కొబ్బరి నూనె కాయిల్ కింద చేరితే కాయిల్ జారుతుంది, మైకు రంధ్రాలలో చేరితే శబ్దం మందగిస్తుంది. మా ఇంట్లో నూనె రాయడం రాత్రికి మార్చాము, పొద్దున తలస్నానం చేయించి, జుట్టు బాగా ఆరిన తరువాతే యంత్రం పెడతాము. ఆడపిల్లకు జడ వేసేటప్పుడు కాయిల్ అంటుకునే చోట పాపిట తీస్తే జుట్టు అడ్డం రాదు, పూలదండను మైకులకు దూరంగా పెట్టండి.

ప్రశ్న: బిడ్డ ప్రాసెసర్‌ను పీకి పారేస్తోంది. ఏం చేయాలి?

చాలామంది పిల్లలు చేస్తారు. అంతకుముందు హాయిగా పెట్టుకున్న బిడ్డ హఠాత్తుగా పీకేస్తుంటే మ్యాప్ ఎక్కువై ఉండవచ్చు, చర్మం నొస్తుండవచ్చు, కేబుల్ గరగరమంటుండవచ్చు. ముందు వాటిని చూడాలి. అవేవీ కాకపోతే ఓపికగా మళ్ళీ పెట్టడమే. కోప్పడకుండా, బతిమాలకుండా, చొక్కా వేసినంత మామూలుగా పెట్టండి. పెట్టిన వెంటనే బిడ్డకు ఇష్టమైన ఆటో పాటో మొదలుపెట్టండి. మెత్తని హెడ్‌బ్యాండు, చొక్కాకు తగిలించే క్లిప్పు వాడండి. రొట్టెల పండుగ రోజున స్వర్ణాల చెరువు దగ్గరి జనంలోగాని, తిరునాళ్ళలోగాని క్లిప్పు లేకుండా తిప్పవద్దు. మేలుకుని ఉన్నంతసేపూ యంత్రం తల మీద ఉండాలన్నదే లక్ష్యం.

ప్రశ్న: మైపాడు, కొత్తపట్నం తీరాలకు తీసుకుని వెళ్ళవచ్చా? ఈత నేర్పవచ్చా?

తీసుకుని వెళ్ళండి. లోపలి భాగానికి నీళ్ళ వల్ల ఏమీ కాదు. ప్రాసెసర్‌కు నీటి నిరోధకత ఉందని కంపెనీ చెప్పినా ఆ మాట మంచినీటి పరీక్షల ఆధారంగా చెప్పినది, ఉప్పునీరు, ఇసుక వేరు. కంపెనీ ఇచ్చే నీటి తొడుగు ఉంటే వాడండి, లేకపోతే తీసి ఒడ్డున డబ్బాలో పెట్టండి. తీసినప్పుడు అలల దగ్గర ఉన్న బిడ్డకు మీ కేక వినపడదని గుర్తుంచుకుని చేయి వదలకండి.

ప్రశ్న: తలనీలాలు, చెవులు కుట్టించడం చేయవచ్చా?

గాయం పూర్తిగా మానిందని సర్జన్ చెప్పిన తరువాత రెండూ చేయించవచ్చు. గుండు గీసేవారికి చెవి వెనక ఉబ్బెత్తుగా ఉన్న చోటును చూపించి అక్కడ నెమ్మదిగా గీయమని చెప్పండి.

ప్రశ్న: ఇంకా ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

ఎమ్మారై స్కాన్ రాయగానే ఇంప్లాంట్ ఉందని చెప్పి, కంపెనీ ఇచ్చిన గుర్తింపు కార్డు చూపించండి. కొత్త ఇంప్లాంట్లలో కొన్నింటిలో అయస్కాంతం తిరిగే ఏర్పాటు ఉండటం వల్ల ఎక్కువ అయస్కాంత బలం వాడే 3 టెస్లా స్కాన్ కూడా తీయవచ్చు, పాతవాటికి పరిమితులు ఉంటాయి. ప్రాసెసర్‌ను మాత్రం ఆ గదిలోకి తీసుకుని వెళ్ళనే కూడదు. ఏ ఇతర ఆపరేషన్ అయినా కరెంటుతో కోసే పరికరం గురించి సర్జన్‌తో ముందే మాట్లాడండి. ప్లాస్టిక్ జారుడుబల్ల మీద పుట్టే స్థిర విద్యుత్ వల్ల ప్రాసెసర్‌లోని మ్యాప్ చెదరవచ్చు కనుక జారే ముందు తీసి ఉంచండి. క్రికెట్ ఆడే వయసుకు హెల్మెట్ తప్పనిసరి.

టీకాలు అన్నిటికంటే ముఖ్యం. ఇంప్లాంట్ ఉన్న పిల్లలకు మెనింజైటిస్ ముప్పు కొంత ఎక్కువ. అందుకే న్యుమోకోకల్ టీకాలు ఆపరేషన్‌కు కనీసం రెండు వారాల ముందే పూర్తి కావాలి. ప్రభుత్వ టీకాల పట్టికలో వచ్చేవి కాక రెండేళ్ళు నిండాక ఇవ్వవలసిన మరో రకం కూడా ఉంది, పిల్లల డాక్టరును అడగండి. చెవి నొప్పి, చీము, జ్వరం వస్తే ఇంటి వైద్యం చేయవద్దు, చెవిలో నూనె పోయవద్దు.

ప్రశ్న: ఇంట్లో ఏ భాష మాట్లాడాలి? సైగలు చేస్తే మాట రాదంటారు, నిజమేనా?

మీకు సహజంగా వచ్చే భాషే మాట్లాడండి. ఇంట్లో తెలుగు మాట్లాడేవారు తెలుగు, ఉర్దూ మాట్లాడేవారు ఉర్దూ. బడిలో ఇంగ్లీషు అవసరమని తల్లికి రాని ఇంగ్లీషులో ముక్కలు ముక్కలుగా మాట్లాడితే బిడ్డకు నిండైన భాష ఏదీ అందదు. థెరపీ గదిలో వారానికి గంటో రెండు గంటలో గడుస్తాయి, మిగిలిన గంటలన్నీ మీ దగ్గరే. బియ్యం కడుగుతూ, చేపలు శుభ్రం చేస్తూ, బట్టలు ఆరేస్తూ చేస్తున్న పనినే మాటల్లో చెప్పండి. "కుక్కరు కూతేసింది, విన్నావా?" అని ముందు చెవిని అటు తిప్పి, తరువాత చూపించండి. టీవీ ఆపి మాట్లాడండి.

సైగల వల్ల మాట రాకుండా పోదు. ఇంప్లాంట్ పెట్టుకోకముందు, రాత్రి యంత్రం తీసినప్పుడు, అది చెడిపోయినప్పుడు బిడ్డతో మాట్లాడటానికి ఏదో ఒక దారి ఉండాలి. ఆశించినంత వినికిడి రాని పిల్లలూ ఉంటారు, వారికి భారతీయ సైగల భాష ఒక పూర్తి భాషగా అందాలి. అయితే వినికిడి అలవాటు కావాలంటే రోజులో ఎక్కువ భాగం చెవికి పని చెప్పాలి, ఆ సమయాన్ని మాత్రం తగ్గించవద్దు.

ప్రశ్న: మామూలు బడిలో వేయవచ్చా?

వేయవచ్చు, వేయాలి కూడా. టీచరుకు దగ్గరగా, ఇంప్లాంట్ ఉన్న చెవి తరగతి వైపు ఉండేలా, కిటికీ గోలకు దూరంగా కూర్చోబెట్టమని అడగండి. టీచరు మెడలో వేసుకునే వైర్‌లెస్ మైకు నలభై మంది పిల్లలున్న గదిలో చాలా తేడా తెస్తుంది. టీచరు బోర్డు వైపు తిరిగి చెప్పిన మాటను మళ్ళీ ఇటు తిరిగి చెప్పమని మర్యాదగా కోరండి. మండలాలలో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాలలో ప్రత్యేక ఉపాధ్యాయులు ఉంటారు, వారితో పరిచయం పెంచుకోండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం పరీక్షలలో అదనపు సమయం, రెండో, మూడో భాషల మినహాయింపు వంటి సదుపాయాలు కల్పించమంటోంది. వాటిని అడగడానికి వైకల్య ధ్రువపత్రం, దివ్యాంగుల గుర్తింపు కార్డైన యూడీఐడీ కార్డు కావాలి. మినహాయింపు ఉన్నా, బిడ్డ చదవగలిగితే తెలుగును వదిలించవద్దని నా మనవి. ఇంటి భాషలో చదువుకున్న కథ బిడ్డ మాటను నిలబెడుతుంది.

ప్రశ్న: రెండో చెవికి ఏం చేయాలి?

ఊరికే వదిలేయకండి. రెండు చెవులూ పనిచేస్తేనే శబ్దం ఏ దిక్కు నుంచి వస్తోందో తెలుస్తుంది, గోలలో మాట విడిపడుతుంది. రెండో ఇంప్లాంట్ వీలు కాకపోతే, ఆ చెవిలో కొంతైనా వినికిడి మిగిలి ఉంటే, అక్కడ వినికిడి యంత్రం పెట్టించండి. దానిని ఇంప్లాంట్ కంపెనీతో పొత్తు ఉన్న సంస్థ నుంచి తీసుకుంటే రెండూ ఒకే మైకుతో కలిసి పనిచేసే సౌకర్యం దొరకవచ్చు.

ప్రశ్న: వారంటీ అయిపోయాక ఎలా?

లోపలి భాగం సాధారణంగా చాలా ఏళ్ళు, చాలామందిలో దశాబ్దాలు పనిచేస్తుంది. బయటి ప్రాసెసర్ అలా కాదు. వారంటీ ముగిసిన కొన్నేళ్ళకు ఆ మోడల్ విడిభాగాల తయారీనే కంపెనీ ఆపేయవచ్చు, అప్పుడు కొత్త ప్రాసెసర్‌కు లక్షలు కావాలి. స్విచ్ ఆన్ అయిన నెల నుంచే పోస్టాఫీసులో బిడ్డ పేరున చిన్న మొత్తమైనా వేస్తూ ఉండండి. వారంటీ ముగియడానికి మూడు నెలల ముందు యంత్రాన్ని సర్వీసుకు ఇచ్చి, అరిగిన భాగాలు వారంటీలోనే మార్పించుకోండి. ఇంట్లో ఒక కేబుల్, ఒక కాయిల్ అదనంగా ఉంచుకోండి, ఎందుకంటే ఎక్కువగా పోయేవి అవే. మోడల్ ఆపేస్తున్నట్టు కంపెనీ ఉత్తరం పంపితే దానిని దాచి, కొత్త ప్రాసెసర్ సహాయం కోసం పెట్టే దరఖాస్తుకు జతచేయండి. ఇంప్లాంట్ క్రమసంఖ్య ఉన్న కార్డు ఫొటోను ఇంట్లో ఇద్దరి ఫోన్లలోనైనా ఉంచండి. మరమ్మతు కేంద్రానికి ఫోను చేసినప్పుడు వాళ్ళు ముందుగా అడిగేది ఆ సంఖ్యనే.